దేవుడి గూట్లో బీమా కార్డు

అసిరయ్య ఎడమ మడమ ఏటా చలికాలంలో పగిలేదే. ఆముదంలో గుగ్గిలం వేసి కాచి ఆ పగుళ్లలో పోసుకుంటే నాలుగు రోజుల్లో పూడుకునేది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది కార్తీకంలో మాత్రం పూడలేదు. పగులు పుండైంది, పుండు చీము పట్టింది, వాపు చీలమండ దాకా ఎక్కింది.

విజయనగరం పక్కన ఉన్న జూట్ మిల్లులో అతడు పన్నెండేళ్లుగా దారం తీసే మిషను దగ్గర పని చేస్తున్నాడు. ఎనిమిది గంటలూ నిలబడే పని. నార మెత్తబడడానికి చల్లే నూనె నేలంతా జిడ్డు కట్టి ఉంటుంది. ఆ జిడ్డు మీదే వట్టి కాళ్లతో తిరిగేవాడు. దసరాకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టిన మిషను ముందు చెప్పులతో నిలబడడానికి మనసొప్పేది కాదు. మిగతావాళ్లు నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

"మావా, బీమా ఆస్పత్రికెల్లు. కార్డున్నాది కదేటి?" అని భార్య నారాయణమ్మ రోజూ అంటూనే ఉంది.

"దీనికేటి కార్డు? అదే తగ్గిపోతాది," అనేవాడు అసిరయ్య.

మిల్లువాళ్లు ఇచ్చిన ఆ కార్డు గూట్లో సింహాద్రి అప్పన్న పటం వెనక ఉండేది. ప్రతి శనివారం అప్పన్నకు బొట్టు పెట్టి, అదే వేలితో కార్డుకీ పెట్టేవాడు. ఒక్కసారి కూడా దాన్ని ఆస్పత్రికి తీసుకువెళ్లలేదు.

ఎందుకు తీసుకువెళ్లలేదో భార్యకు చెప్పలేదు. రెండేళ్ల కిందట చలిలో నారాయణమ్మకు ఆయాసం వచ్చి, గోడకు చేరబడి తెల్లవార్లూ గాలి కోసం కొట్టుకుంది. ఆ రాత్రి అతడికి తను మగవాడై ఎందుకు పనికొచ్చాడా అనిపించింది. తర్వాత కొన్నాళ్లకు మిల్లులో ఒక ఆఫీసరు వచ్చి, కార్డు మీద ఇంట్లోవాళ్లకి కూడా వైద్యం ఉందని చెప్పాడు. ఆ మాట అసిరయ్య మనసులో నాటుకుపోయింది. చీపురుపల్లి దగ్గర పల్లెలో అతడి తండ్రి విత్తనాల కుండను ఇలాగే చూసుకునేవాడు. శ్రావణంలో పిల్లలు పస్తులున్నా ఆ కుండ మూత తీయనిచ్చేవాడు కాదు. కూలీలోంచి బీమాకని మిల్లువాళ్లు కోసుకునేదంతా ఆ కార్డులో గుప్పెడు గుప్పెడుగా చేరుతోందని అసిరయ్య అనుకున్నాడు. మడమ పగులుకు దాన్ని తోడేస్తే, రేపు నారాయణమ్మకు ఊపిరందనప్పుడు అడుగున ఏం మిగులుతుంది? ఈ సంగతి అప్పన్నను తప్ప ఎవరినీ అడగలేదు. అప్పన్న కాదనలేదు, అవుననీ అనలేదు. ఆ మౌనానికి తనకు తోచిన అర్థమే చెప్పుకున్నాడు.

కార్తీక సోమవారం నాడు ఉపవాసంతో, జ్వరంతో పనిలోకి వెళ్లాడు. మధ్యాహ్నానికి కాలు కింద పెట్టలేకపోయాడు. పని చేయించే సర్దారు కొండబాబు చూశాడు.

"ఒరే అసిరిగా, ఇలాగ కుంటితే మిషన్లో పడిపోతావురా. కాలు బాగు సేసుకోని వొచ్చీ. ఊరికే రాకండా కూకుంటే మాత్రం, నీ జాగాలో ఇంకోడ్ని ఎట్టీవలసొస్తాది. మరి నన్ననకు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. నారాయణమ్మ తిన్నగా గూటి దగ్గరికి వెళ్లి పటం వెనక చెయ్యి పెట్టింది.

"దాన్ని ముట్టకు!" అని అరిచాడు.

ఆమె తెల్లబోయి చూసింది. దాచడానికి ఇక ఓపిక లేక, ఉన్నదంతా చెప్పేశాడు. నారాయణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని విరుచుకుపడింది.

"ఓలప్పో! నా ఆయాసం కోసం నీ కాలు కుళ్లబెట్టుకుంతన్నావా? నీకు కాలు నేకపోతే రేపు నన్నాస్పత్రికి ఎవులు మోస్తారు, అప్పన్న దిగొస్తాడా? నెగు. ఆస్పత్రోలనే అడుగుదుం. కార్డు అయిపోతాదంటే తిరిగొచ్చీద్దుం."

బీమా ఆస్పత్రిలో నర్సు జీవరత్నం కార్డు అందుకుని అటూ ఇటూ తిప్పింది. నంబరు మీద కుంకం పేరుకుపోయి ఉంది.

"ఏటి నాయనా ఇది, కార్డుకి పెళ్లి సేసీసినావా?" అని నవ్వుతూ గోటితో గీకింది.

పుండు కడుగుతుంటే అసిరయ్య పళ్లు బిగబట్టి అడిగాడు. "సిస్టరమ్మా, ఈ కాలికి రాసీస్తే కార్డులో ఇంకెంత మిగుల్తాది?"

"మిగలడమేటి?"

"మా ఇంటిదానికి ఆయాసం. దానికోసం ఉంచాల."

జీవరత్నం చేతిలో దూది ఆగింది. వెనక నిలబడ్డ నారాయణమ్మను ఒకసారి చూసి, మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"ఇను. ఇది నీ ఒక్కడి మూట కాదు. మీ అందరి కూలీలో కోసిందీ, మిల్లు ఏసిందీ ఒక్కదాన్లోనే పడతాది. ఎవులికి జబ్బు సేస్తే వాలకి అందులోంచే సేస్తారు. పన్నెండేళ్లూ నీ డబ్బు ఎవులి కాలికో కట్టు కట్టింది. ఇయ్యాల వాలది నీకు కడతంది. రేపు నీ ఆడమనిషొచ్చినా ఇదే కార్డు. కట్లు, ఇంజెక్షన్లు, మందులు ఇక్కడే. డాక్టరుగారు సెలవు కాయితం రాస్తారు. మొదటి రెండ్రోజులూ వదిలీసి, మిగతా దినాలకి సగం కూలీ దాకా వస్తాది. ఆ కాయితం ఇచ్చీసినాక నీ జాగా ఎక్కడికీ పోదు."

"ఊరికే కూకోవద్దని కొండబాబన్నది ఈ కాయితం కోసమే కావాల," అంది నారాయణమ్మ.

అసిరయ్యకు విత్తనాల కుండ కళ్ల ముందు నుంచి తప్పుకుంది. కార్తీకంలో తన ఊళ్లో చేసే సమారాధన గుర్తొచ్చింది. ఇంటికో సోలెడు బియ్యం పట్టుకొచ్చి ఒకే గుండిగలో పోస్తారు. పంక్తిలో కూర్చున్నవాడిని నువ్వెంత తెచ్చావని ఎవరూ అడగరు. తెచ్చిన సోలెడే తినమనీ అనరు. ఇంత తెలిసిన సంగతి కాగితం మీదికి వచ్చేసరికి తనకెందుకు తెలియకుండా పోయిందో అతడికి అర్థం కాలేదు.

"సెప్పులు మాత్రం కార్డులో రావు," అంది జీవరత్నం కట్టు ముడి వేస్తూ. "అయి నువ్వే కొనుక్కోవాల. ఆ నూనె నేల మీద వట్టి కాళ్లతో తిరిగితే మల్లీ నా దగ్గరికే వస్తావు."

"మిషను ముందర సెప్పులేటమ్మా..." అని నసిగాడు.

"మిషనుకి బొట్టెట్టు, దండమెట్టు, నీ కాలు మాత్రం నైవేద్యం ఎట్టకు," అంది నారాయణమ్మ.

మూడు వారాలకు పుండు మానింది. చెప్పులతో మిషను దగ్గరికి వెళ్లిన మొదటి రోజు అసిరయ్య రెండు చేతులూ జోడించి, తప్పయితే చెప్పమన్నట్టు కాసేపు నిలబడ్డాడు. మిషను ఎప్పటిలాగే తిరిగింది. ఆ శనివారం అప్పన్నకు బొట్టు పెట్టాడు. కార్డుకు పెట్టలేదు.

మార్గశిరం వెళ్లబోతుండగా ఒక ఉదయం నారాయణమ్మ పొయ్యి దగ్గర ఆగి ఆగి ఊపిరి తీస్తోంది. అతడు చూస్తున్నాడని తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది సిన్నదే మావా, ఒగ్గీ. ఇంకా ఎక్కువైతే సూద్దుం."

అసిరయ్య పటం వెనక నుంచి కార్డు తీసి జేబులో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, వాకిట్లో నిలబడ్డాడు.

"రా," అన్నాడు.