క్యాసెట్ చివరిదాకా

కిష్టప్ప వీసీఆర్ మూత విప్పి, స్పిరిట్‌లో తడిపిన తోలు ముక్కను టేపు చదివే హెడ్డుకు ఆనించి, రెండో చేతి వేలితో డ్రమ్మును నెమ్మదిగా తిప్పుతున్నాడు. తోలు కదలకూడదు, డ్రమ్ము కదలాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరిగిపోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు వికారాబాద్‌లో ఒకప్పుడు ఆరుగురుండేవారు. తను కాక మిగిలిన అయిదుగురిలో ఇద్దరు కాలం చేశారు, ముగ్గురు సెల్‌ఫోన్లకు గాజు పలకలు అంటించే పనిలోకి వెళ్లారు. కిష్టప్ప దృష్టిలో రెండూ ఒకటే.

అతనికి అరవై నాలుగేళ్లు. పదిహేనేళ్లు పెండ్లి కెమెరా మోసినందుకు కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. కెమెరాలోంచి చూసీ చూసీ ఎడమ కన్ను సగం మూతపడి అలాగే ఉండిపోయింది. ఎవరు ఎదురుగా నిల్చుని ఏం చెప్పినా నమ్మనట్టు కనిపిస్తాడు. నిజానికి నమ్మడు కూడా.

క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల్లో అబ్బిన గుణమది. తీసుకుపోయేది ఒక క్యాసెట్, అదే డబ్బాలో పెట్టి తిరిగి తెచ్చేది ఇంకో క్యాసెట్. అందుకని తన క్యాసెట్లన్నిటికీ టేపును కప్పే ముందు రేకు లోపలివైపు, ఎవరి కంటా పడని చోట, భార్య భాగమ్మ గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టేవాడు. సీసా మీద సీసా కొన్నారు. భాగమ్మ గోళ్లకు మాత్రం ఆ రంగు ఎన్నడూ చేరలేదు.

స్టేషన్ రోడ్డులో ఒక్క షట్టరు కొట్టు. లోపల వెనక బుర్ర ఉన్న పాత టీవీ, ఒక కంప్యూటరు, రెండు వీసీఆర్లు. ఒకటి నడిచేది, ఇంకొకటి దానికి అవయవాలు దానం చేసేది. గోడకు అట్టముక్క మీద కిష్టప్ప స్వహస్తాలతో రాసింది: ‘పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లో వేయబడును. క్యాసెట్ చివరిదాకా తిరగనిదే ఇవ్వబడదు.’

ఈ రెండో వాక్యం మీదే బజారుకు అనుమానం. పెండ్లి గంటన్నరే ఉంటే మూడు గంటలూ ఎందుకు తిప్పుతాడు? ఎదురు టీకొట్టు బీరయ్య లెక్క ప్రకారం, కిష్టప్ప అందరి పెండ్లిళ్లూ కాపీలు తీసి ఎక్కడో అమ్ముకుంటున్నాడు. ఇంకొకరి పెండ్లి కొనుక్కుని మూడు గంటలు చూసేవాళ్లెవరని బీరయ్యను ఒక్కరూ అడగలేదు.

“పెన్‌డ్రైవ్‌ల ఏసేది నువ్వేనా అన్నా?”

గుమ్మంలో నలభై ఎనిమిదేళ్ల ఆడమనిషి. చామనఛాయ, బిగించి వేసిన జడ, చంకలో బట్టసంచి. సంచి మూతికి మూడు ముళ్లు. పేరు మొగులమ్మ అనీ, తాండూరు నుంచి పొద్దటి రైలుకు వచ్చాననీ చెప్పింది. ఊరి పేరు చెప్పకపోయినా తెలిసేదే, చెప్పుల అంచున అక్కడి గనుల నాపరాతి పొడి ఉంది.

“నేనే చెల్లె. పెట్టిపో. మాపటికి రా.”

“పెట్టిపోను. ఈడనే కూసుంట.”

“మూడు గంటలు పడ్తది.”

“ఆరు పట్టనీ.” స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక కిష్టప్పను కింది నుంచి మీదికి చూసింది. “మా ఆయన నీకు ఫోన్ గిట్ల చేసిండా?”

“మీ ఆయన ఎవలో నాకేమెరుక?”

“చేసినోళ్లు గూడ గట్లనే అంటరు.”

సంగతి ఇది. మొగులమ్మ పెండ్లి అయి ఇరవై ఎనిమిదేళ్లు. అప్పగింతలప్పుడు తనకన్నా ఎక్కువ పెండ్లికొడుకే ఏడ్చాడని ఆమె వాదన. హోమం పొగ కండ్లలోకి పోయిందని ఆమె భర్త పాండురంగం వాదన. ఇన్నేళ్లూ సంసారం ఈ పేచీతోనే సజావుగా సాగింది. మొన్న బిడ్డ సహస్రకు సంబంధం కుదిరింది. కొత్త వియ్యాలవారి ముందు పాండురంగం మీసం దువ్వి, నేనేడ్వంగ సూసినోడు పుట్టలే అన్నాడు. మొగులమ్మ పెట్టె అడుగున చీరల కింద ఉన్న క్యాసెట్ తీసి రైలెక్కింది. సాక్ష్యం చేతికొచ్చేదాకా దాన్ని కండ్లెదుట నుంచి కదలనివ్వదు. మొగుడు కొట్టువాడితో కుమ్మక్కై ఆ ముక్క తుడిపించేస్తాడని ఆమె భయం.

“ఈ పెండ్లి తీసింది గూడ నువ్వేనంట గద? మా అన్న జెప్పిండు,” అంది ముళ్లు విప్పుతూ.

కిష్టప్ప ఎడమ కన్ను ఇంకాస్త మూతపడింది. ఇది సాక్ష్యం కోసం వచ్చిన మనిషా, ఇంకేదన్నా తెలిసి వచ్చిన మనిషా?

క్యాసెట్ అందుకున్నాడు. అలవాటుగా వెన్ను వైపు తిప్పాడు. మూలన ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ పలక విరిగి గుంత పడి ఉంది. పలక విరిస్తే ఆ క్యాసెట్‌లో మళ్లీ రికార్డు కాదు, ఉన్నది భద్రం. కాని ఆ గుంత మీద ఎవరో సెలోటేపు అంటించారు. అంటిస్తే మళ్లీ రికార్డవుతుంది. సెలోటేపు పసుపు తిరిగి, అంచులు మట్టి పట్టి ఉన్నాయి.

బొటనవేలితో ముందు రేకు ఎత్తాడు. లోపల, ఎవరి కంటా పడని చోట, ఎర్ర చుక్క.

“ఏందన్నా, గట్ల చూస్తున్నవ్? ఖరాబైందా?”

“బూజున్నదేమోనని.”

బూజు లేదు. క్యాసెట్‌ను వీసీఆర్‌లోకి తొయ్యడానికి రెండుసార్లు గురి పెట్టాల్సి వచ్చింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట, కెమెరా కొన్న కొత్తలో, ఒక ఆదివారం కిష్టప్ప దాన్ని పరీక్షించడానికని భాగమ్మను మూడు గంటలు తీశాడు. ఇల్లూ, పొయ్యీ, ఆమె నడకా, తిట్లూ. తీసి పలక విరిచేశాడు. ఆ మాఘమాసంలో పదిహేను రోజుల్లో పదకొండు పెండ్లిళ్లు. నిద్ర లేదు. ఏదో ఒక పెండ్లిలో కొత్త క్యాసెట్ పది నిమిషాలకే బిగుసుకుపోయింది. సంచిలో ఇంకొకటే ఉంది, భాగమ్మది. అవతల తలంబ్రాలు మొదలయ్యాయి. భాగమ్మ ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుంది, రేపు మళ్లీ తీసుకోవచ్చు అనుకుని గుంత మీద సెలోటేపు అంటించాడు.

క్యాసెట్ అలాగే పెండ్లివారింటికి పోయింది, ఆ రేపు మాత్రం రాలేదు. పని మీద పని. రెండేళ్లకు కామెర్లు వచ్చి భాగమ్మ పోయింది. దినాలయ్యాక డబ్బా తెరిస్తే క్యాసెట్ లేదు. అంటించింది గుర్తుంది, ఏ పెండ్లిలో అంటించాడో గుర్తు లేదు. పదకొండు పందిళ్లూ ఒకే పందిరిలా కలిసిపోయాయి. ఇంటింటికీ వెళ్లి అడగడమెట్లా? ప్రతి పెండ్లిలోనూ పిల్ల తరఫు పెద్దమనిషి ముందు కొబ్బరికాయ కొట్టినంత నిష్ఠగా కొత్త క్యాసెట్ మీది కవరు చింపి చూపించడం అతని పద్ధతి. అమ్మా, మీ పెండ్లి వాడిన క్యాసెట్‌లో తీశానని ఏ నోటితో చెప్పాలి?

అందుకే ఈ కొట్టు. చుక్క ఒక్కదాన్నే నమ్మడు, రంగు రాలిపోయి ఉండొచ్చు, అందుకే చివరిదాకా తిరగాలి. కొత్త రికార్డు ఆగిన చోట, కింద మిగిలిపోయిన పాతది పైకి వస్తుంది. ఎన్ని వందల క్యాసెట్ల తోకలు చూశాడో. అన్నీ చుక్కల వానే.

టీవీలో బాజాలు మొదలయ్యాయి. తలంబ్రాల మధ్య పాండురంగం బాసింగంతో, గడ్డం కింద పౌడరు కారి, అప్పుడే ఎవరో అరెస్టు చేసినట్టున్నాడు.

“అగో, ఎంత బుద్ధిమంతుని లెక్క కూసున్నడో,” అంది మొగులమ్మ.

కిష్టప్ప తన పథకం మొదలుపెట్టాడు. ఈమెను పంపించాలి. “చెల్లె, తిరిగేదాంక ఉత్తగ కూసునుడు ఎందుకు? జర అనంతగిరి పోయి స్వామికి దండం పెట్టుకొని రా. ఆటోలున్నయి.”

“పద్మనాభస్వామి యాడికి పోడు. క్యాసెట్ పోతది.”

“బీరయ్య కొట్టుకాడ చాయ మంచిగుంటది.”

“ఈడికే తెమ్మను.”

బీరయ్య టీ తెచ్చాడు, తెచ్చి గ్లాసుల కోసమన్నట్టు నిలబడి, పెండ్లి కాసేపు చూసి, మొగులమ్మతో మెల్లగా, “కాపీ తీస్తడు, పైలం,” అని చెప్పి వెళ్లాడు. ఆమె స్టూలును ఇంకో జానెడు టీవీ దగ్గరికి జరుపుకుంది.

రెండు గంటలు దాటాక అప్పగింతలొచ్చాయి. ఆరుబయట, ఎండలో. హోమం ఎక్కడో వెనక ఉండిపోయింది. పాండురంగం కండువా కొసతో ఒక కన్ను, మళ్లీ ఇంకో కన్ను తుడుచుకున్నాడు. ఆఖరికి పెండ్లికూతురే అతని చేతికి తన రుమాలిచ్చింది.

“పొగ ఏది?” మొగులమ్మ లేచి నిలబడింది. “నువ్వు జెప్పన్నా, యాడన్న పొగ ఉన్నదా? ఆపు, ఆడ ఆపు, మల్ల చూస్త!”

“ఆపొద్దు. ఆపితే ఆ జాగల టేపు అరుగుతది.”

“మా ఆయన ఫోన్ చేసి ఆపొద్దన్నడా?”

“అమ్మా, కంప్యూటర్‌ల ఎక్కింది. ఇంటికాడ ఎన్నిసార్లన్న ఆపుకో.”

ఆమె చల్లబడి కూర్చుంది. ముఖంలో నవ్వు దాగడం లేదు. తెరమీద పూలు కట్టిన జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్తోంది. జీపు మలుపు తిరిగితే పెండ్లి అయిపోతుంది. కిష్టప్ప చప్పున లేచి టీవీ మీట నొక్కాడు. తెర నల్లబడింది. వీసీఆర్ మాత్రం తిరుగుతూనే ఉంది. తెర లేకపోయినా కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, ఈమె వెళ్లాక ఒంటరిగా చూసుకోవచ్చు.

“అయిపాయె చెల్లె. పెన్‌డ్రైవ్ ఇస్త.”

మొగులమ్మ వీసీఆర్ వైపు చూసింది. “ఇంక తిరుగుతుంది గద.”

“ఉత్త టేపు. ఏం లేదు అండ్ల.”

“ఏం లేనిదానికి టీవీ ఎందుకు బందు జేసినవ్?” అట్టముక్క వైపు వేలు చూపించింది. “చివరిదాంక తిరగాలని రాసింది నువ్వేనాయె.”

అతను అడ్డం రాలేకపోయాడు. వస్తే ఏదో ఉందని చెప్పినట్టే. ఆమె చెయ్యి చాపి మీట నొక్కింది.

మొదట బొమ్మ అడ్డంగా చీలింది. గీతలు వచ్చాయి, పోయాయి. ఒక పెరడు. చాపమీద ముప్ఫై ఏళ్ల ఆడమనిషి, కాళ్లు చాచుకుని, చాటలో కందిపప్పు ఏరుతోంది. వెలిసిన ఆకుపచ్చ చీర. చాటలోంచి ఒక రాయి తీసి కెమెరా వైపు విసిరింది.

“బంద్ జెయ్యి అంటుంటే! నన్నేం తీస్తవు, నాకేం లగ్గమా? కొత్త క్యాసెట్ ఖరాబు చేస్తున్నవ్. ఉంచితె ఎవలదన్న పెండ్లికి పనికొస్తది.”

కెమెరా వెనక నుంచి ఒక మగ నవ్వు. ఆమె కూడా నవ్వు ఆపుకోలేక చాట ముఖానికి అడ్డం పెట్టుకుంది. చాట పక్కనుంచి ఒక కన్ను పెట్టి, పోయాడా లేదా అని చూసింది. పోలేదు. మళ్లీ దాక్కుంది. అలా ఎంతసేపో. ఆ తర్వాత పప్పు ఏరుతూ, కెమెరా ఉన్న సంగతే మరిచిపోయి, తనలో తాను ఏదో లెక్క చూసుకుంది. ఆ తర్వాత టేపు అయిపోయి, వీసీఆర్ టక్కున ఆగి, తనంతట తాను వెనక్కి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

“ఎవలన్నా ఆమె?” మొగులమ్మ తెర వైపే చూస్తూ అడిగింది.

“నా పెండ్లాం. భాగమ్మ.”

“నా పెండ్లి క్యాసెట్‌ల ఏంజేస్తుంది?”

“మీ పెండ్లే ఆమె క్యాసెట్‌ల ఉన్నది,” అన్నాడు.

“కవరు చింపినవ్ గద మా అన్న ముంగట.”

“చింపిన. అది బిగుసుకపోయింది. సంచిల గిదే ఉండె.”

ఆమె కొంచెంసేపు కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది. తగాదాకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. ఇరవై ఎనిమిదేళ్లయినా మోసం మోసమే. ఆమె అన్న వింటే వచ్చి షట్టరు పీకేసే రకం.

“ఆమెది ముంగటిదంత?” అంది చివరికి.

“మీ పెండ్లి కిందున్నది.”

“తియ్యరాదా?”

“రాదు.”

“ఆమె ఉన్నదా ఇప్పుడు?”

కిష్టప్ప తల అడ్డంగా ఊపాడు. పెన్‌డ్రైవ్ ఊడదీసి, “ఈ తోక నీ దాంట్ల గూడ ఎక్కింది. తీసేసి ఇస్త, నిమిషం,” అన్నాడు.

“తియ్యకు.” మొగులమ్మ చెయ్యి చాపింది. “ఉండనీ. పెండ్లికి పనికొస్తదని ఆమెనే అనె గద.”

పెన్‌డ్రైవ్‌ను కొంగున మూట కట్టింది. ఒకటి, రెండు, మూడు ముళ్లు. సంచి మడిచి చంకన పెట్టుకుంది. తాండూరు రైలుకు టైమైందని చెప్పి, గుమ్మం దాకా వెళ్లి, “పొగ లేదు. యాదుంచుకో. మా ఆయన ఫోన్ చేస్తే గదే జెప్పు,” అని మెట్టు దిగింది.

ఆమె రోడ్డు సగం దాటాక కిష్టప్ప స్టూలు వైపు చూశాడు. క్యాసెట్ దాని మీదే ఉంది. ఎప్పుడు వీసీఆర్‌లోంచి తీసిందో, ఎప్పుడు అక్కడ పెట్టిందో. పొద్దటినుంచి కండ్లెదుట నుంచి కదలనివ్వని మనిషి మరిచిపోయిందంటే నమ్మొచ్చా? రేపు అన్నను తీసుకొచ్చి క్యాసెట్ ఏదని అడగడానికా?

“ఓ చెల్లె! క్యాసెట్!”

బీరయ్యతో సహా రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు. మొగులమ్మ ఒక్కతే చూడలేదు. ఇంకాస్త వేగంగా నడిచి, స్టేషన్ మెట్లెక్కి, జనంలో కలిసిపోయింది.

కిష్టప్ప చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తాండూరు రైలు వచ్చిన చప్పుడూ, పోయిన చప్పుడూ రెండూ విన్నాడు. అప్పుడు లోపలికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలి గోరుతో క్యాసెట్ వెన్ను మీది సెలోటేపును ఒక మూల నుంచి గీకాడు. అది ముక్కలు ముక్కలుగా, బంక సాగుతూ, కడదాకా ఊడి వచ్చింది. గోడ మీది అట్టముక్కను దించి, షట్టరు లాగి, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు గుంజి చూశాడు.

లోపల చీకట్లో స్టూలు మీద క్యాసెట్ ఉంది. వెన్ను మూలన గుంత తెరుచుకుని ఉంది.