కంచం లేని భోజనం

కంచరపాలెం ఆడవాళ్ళు రాత్రిపూట అన్నం తినరట. నూటికి అరవైరెండు మంది తినరట. ఈ ముక్క తెరమీద ఇంతింత అక్షరాలతో వేసి, కింద ఒక గుండ్రటి బొమ్మ గీసి, డాక్టర్ మోహనకృష్ణగారు గొంతు సవరించుకున్నారు. సమీక్షకు కూర్చున్న ఐదుగురూ అయ్యో పాపం అన్నట్టు తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాది విశాఖలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. పేరు మీకు అనవసరం. రెండేళ్ళ కిందట తిండీ ఆరోగ్యం మీద పరిశోధనకి నిధి ప్రకటించారు. షరతు ఒక్కటే, ఏ విభాగమూ ఒంటరిగా రాకూడదు. పోషకాహారం వాళ్ళూ, వైద్యం వాళ్ళూ, సమాజశాస్త్రం వాళ్ళూ కలిసి రావాలి. కలిసి అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసొచ్చింది. ఆలోచన నాది, ఎండలో ఇల్లిల్లూ తిరిగిన కాళ్ళు నావి, పెద్దరికం మాత్రం వైద్య విభాగం మోహనకృష్ణగారిది. నేను పోషకాహార విభాగంలో కాంట్రాక్టు మేడమ్‌ని. జ్యోతిర్మయి అనే నా పేరు ఆ కాగితాల్లో నాలుగో వరసలో ఉంటుంది.

కంచరపాలెంలో నలభై దాటిన ఆడవాళ్ళకి బీపీ ఇంతలా ఎందుకుందో తేల్చడం మా పని. నూటపాతిక మంది పేర్లు రాసుకున్నాం. మొదటి ఏడాది ఎవరెంత తింటున్నారో తూకం వేస్తాం. రెండో ఏడాది మూత్ర పరీక్షలు చేసి ఒంట్లోకి ఎంత ఉప్పు పోతోందో చూస్తాం. ఈ రెండేళ్ళూ ప్రతి మంగళవారం రైల్వే గేటు దగ్గరి కమ్యూనిటీ హాల్లో మా డాక్టరు కూర్చుని, బీపీ చూసి, వారానికి సరిపడా మాత్రలు ఊరికే ఇస్తాడు. ఆడవాళ్ళు మమ్మల్ని వంటింట్లోకి రానిచ్చింది ఆ మాత్రల కోసమే గానీ మా మొహాలు చూసి కాదు.

ఇప్పుడు ఈయనగారు ఏమంటాడంటే, వీళ్ళు రాత్రి తిండే తినడం లేదు కనక ఉప్పు వీళ్ళ సమస్య కాదట. అవగాహన లేకపోవడం సమస్యట. కాబట్టి మూత్ర పరీక్షలు దండగ, మంగళవారం క్లినిక్కు దండగ. రెండో ఏడాది నిధంతా పెట్టి, "రాత్రి భోజనం మానకండి" అని గుర్తుచేసే ఫోన్ యాప్ తయారుచేద్దామన్నాడు.

"తినకపోవడమేంటి సర్? తింటారు వాళ్ళు," అన్నాను.

"డేటా చెప్తోంది కదమ్మా," అన్నాడు చల్లగా. తుది నిర్ణయం వచ్చే శుక్రవారానికి వాయిదా పడింది.

నేను నేరుగా బస్సెక్కి కంచరపాలెం పోయాను. జోగమ్మ తన ఇడ్లీబండి కడుక్కుంటోంది. యాభై ఏళ్ళుంటాయి ఆమెకి. మొదటిసారి చూసినప్పుడు ఆమె బీపీ నూటతొంభై. మా డాక్టరు కంగారుపడిపోతే, "తలనొప్పి ఎవులికుండదు బాబూ" అని తీసిపారేసింది. ఏడాదిగా మంగళవారం మాత్రలు మింగాక నూటనలభైకి దిగింది. ఆ వీధిలో ప్రతి తలుపూ మాకు తెరిపించిన మనిషి ఆమే.

"అక్కా, నువ్వు రాత్రి అన్నం తినవా?" అని అడిగాను.

"ఓలమ్మో, తినకపోతే తెల్లారగట్ల లెగిసి పిండెవులు రుబ్బుతారు? ఎవులు సెప్పీరు నీకా మాట?"

"మా కాగితాలు చెప్తున్నాయి. తూకం వెయ్యడానికొచ్చిన అబ్బాయికి ఏం చెప్పావు?"

"ఆ కళ్ళజోడు బాబుకా? కాటా అట్టుకొచ్చి, మీ కంసం ఏదమ్మా అన్నాడు. నాకు కంసమేటి బాబూ, నేదన్నాను. ఏటో రాసీసుకున్నాడు. సదువుకున్న పిల్లడు, ఆడితో నాకేటి తగువు?"

"మరి దేంట్లో తింటావు?"

"దాకలో." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నాకేసి. "అందరూ తినీసినాక కూర దాకలో అడుగున ఇగురుంటాది కదా. అందులో అన్నం ఏసీసి, గీకి కలిపీసుకుంటే ఎంత బాగుంటాదనీ! ఇంకో కంసం తీత్తే అదెవులు తోముతారు? నువ్వొచ్చి తోముతావేటి?"

నేను బండి పక్కన బల్లమీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ ఫారం తయారుచేసింది నేను. "కంచంలో వడ్డించినది, కంచంలో మిగిలినది" అని రెండు గళ్ళు గీసింది నా చేత్తోనే. కంచం లేదంటే ఆ గళ్ళలో సున్నా పడుతుంది, సున్నా అంటే తినలేదని లెక్క. మా నాన్న తణుకు నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఆ క్వార్టర్లో మా అమ్మ పాతికేళ్ళపాటు మూకుడులో అన్నం కలుపుకుని తినడం నా కళ్ళతో చూశాను. నాకు ఒక ముద్ద పెట్టేది కూడాను. అంత చూసీ, ఆడదానికి కంచం ఉంటుందని ఫారంలో రాశాను. నా చదువు తగలెయ్య! మోహనకృష్ణగారి మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

అడుగున మిగిలే ఇగురంటే మాటలా? అక్కడ వారంలో నాలుగు రోజులు ఎండు నెత్తళ్ళే. చేపలు మగాళ్ళకీ పిల్లలకీ పోతాయి. వాటి ఉప్పంతా దిగి చిక్కబడ్డ అడుగు ఆడదానికి మిగులుతుంది. అది చాలకపోతే పక్కన ఆవకాయ.

మర్నాటి నుంచి పద్దెనిమిది ఇళ్ళకి స్టీలు డబ్బాలిచ్చాను. కలుపుకున్న దాంట్లో ఒక ముద్ద డబ్బాలో పెట్టండి, మొత్తం ఎన్ని ముద్దలు తిన్నారో చెప్పండి, అంతే అన్నాను. మూడు రోజులు జోగమ్మే తిరిగి డబ్బాలు పోగుచేసింది. మా ల్యాబులో నా చేత్తో పరీక్ష చేశాను. మనిషికి రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదంటాం. వీళ్ళకి ఆ రాత్రి భోజనం ఒక్కటే ఆరు దాటుతోంది.

ఆ కాగితాలు పట్టుకుని మోహనకృష్ణగారి గదికి వెళ్ళాను. చదివాడు. చదవలేదని నేను అనను. మొత్తం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దాక మన ప్రోటోకాల్లో లేదమ్మా. పైగా ఫారం మీరు చేసిందే. తప్పు మీదని రాయమంటారా?"

"రాయండి సర్. తప్పు నాదే. అందుకే దిద్దుకుందామంటున్నాను."

"పేపరు జర్నల్‌కి పంపేశాం. చివర్లో 'పరిమితులు' అని ఒక వాక్యం కలుపుదాం లెండి." కాగితాలు నాకేసి జరిపాడు. "మీ కాంట్రాక్టు జూన్‌లో కదూ రెన్యూవల్?"

ఎంత మర్యాదగా అడిగాడో! కాఫీ తాగుతారా అని అడిగినట్టే అడిగాడు. ఛీ, ఇలాంటివాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడడానికా నేను ఇన్నేళ్ళు చదివింది అనిపించింది.

శుక్రవారం సమావేశానికి రిసెర్చి డీన్ అనూరాధగారు అధ్యక్షురాలు. నేను లేచి నిలబడి దాక సంగతి, ఉప్పు లెక్క, ఫారంలో నా తప్పు అన్నీ చెప్పాను. "మీ ఇళ్ళల్లో మీ అమ్మగారు ఏ కంచంలో తినేవారో మీలో ఎవరైనా చెప్పగలరా సర్?" అని కూడా అడిగేశాను. మగాళ్ళు బల్లకేసి చూశారు. అనూరాధగారు మాత్రం నవ్వారు.

"జ్యోతిర్మయి చెప్పింది నిజమే. మా ఇంట్లో వంటమనిషి ఉన్నా, నాకిప్పటికీ మూకుడులో తింటేనే తిన్నట్టుంటుంది."

అందరూ నవ్వారు. హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను. ఆవిడ ఆ నవ్వు మొహంతోనే యాప్ ఫైలు మీద సంతకం పెట్టి మూసేసింది.

"కొత్త ఫారంతో వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకోండి. తప్పకుండా చూద్దాం."

"వచ్చే ఏడాదిదాకా వాళ్ళ బీపీ ఆగుతుందా మేడమ్?" అన్నాను. టీలొచ్చాయి. దాక గురించి కాగితంలో చదివిన మోహనకృష్ణగారి కన్నా, తానే మూకుడులో తినే ఆవిడ మీద నాకు పది రెట్లు మండింది.

మంగళవారం కమ్యూనిటీ హాలుకి తాళం వేసుంది. బయట నలభైమంది ఆడవాళ్ళు ఖాళీ మాత్రల అట్టలు పట్టుకుని నిలబడ్డారు. డాక్టరు ఇక రాడని చెప్పడానికి యూనివర్సిటీ తరఫున ఎవరూ రాలేదు. నేనే చెప్పాను. ఎందుకు రాడో కూడా చెప్పాను.

జోగమ్మ నా సంచీకేసి చెయ్యి చూపించింది.

"మాం ఏలిముద్దరలేసిన కాయితం అందులో ఉందేటి? ఏటి రాసుందో సదువు. ఆ రోజు ఆ బాబులు గడగడా సదివీసి ఏలట్టీసుకున్నారు. నాకొక్క ముక్క ఎక్కనేదు."

అంగీకారపత్రం తీసి మొదటి నుంచి చదివాను. ఐదో అంశం దగ్గర నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ అధ్యయనం నుంచి నేను ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. తప్పుకుంటే నా వివరాలు ఎక్కడా వాడరు."

"మళ్ళీ సదువు."

చదివాను.

"అంటే మాం వద్దంటే ఆ పెద్దాయన పేపరు..."

"చెల్లదక్కా."

"అలగైతే రాయి. నా పేరే ముందు రాయి."

హాలు మెట్లమీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. తప్పుకుంటున్నామని ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క కాగితం. జూన్‌లో నా ఉద్యోగం ఉండదని రాస్తుండగానే తెలుసు. భయం వేసింది, అబద్ధమెందుకు! అయినా చెయ్యి ఆగలేదు. జోగమ్మ వీధంతా కేకలేసి జనాన్ని లాక్కొచ్చింది. మధ్యాహ్నానికి వేలిముద్రలతో సహా తొంభైమూడు అయ్యాయి. వాటి ఫొటోలు తీసి, పరిశోధనల్లో జనానికి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీకి పంపిన అరగంటకి మోహనకృష్ణగారి ఫోను వచ్చింది. స్పీకర్లో పెట్టాను.

"ఏమిటమ్మా ఈ పని? నూటపాతికలో తొంభైమూడు పోతే ఇంక స్టడీ ఏముంటుంది? అసలు వాళ్ళకేం కావాలో కనుక్కోండి!" మొదటిసారి ఆయన గొంతు లేచింది.

జోగమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బాబూ, జోగమ్మని మాటాడతన్నాను. రాత్రి అన్నం తినదని రాసీరే, ఆ జోగమ్మనే. ఏడాదినించి మీ పిల్లలు నా వంటింట్లో కూకుని కుండలు, దాకలు అన్నీ సూసీరు. ఒక్కడైనా, అమ్మా, నువ్వేటి తింటన్నావని నన్నడిగీడా? మంగళారం డాట్రుని మళ్ళీ కూకోబెట్టండి. పరీచ్చలు సేయించండి. అప్పుడు మీ కాయితాల సంగతి మాటాడదాం."

"అలాగేనమ్మా, అలాగే. డీన్ మేడమ్‌తో మాట్లాడతాను. నాకొక్క నెల టైమివ్వండి," అన్నాడాయన.

"నెలా? నా మాత్తర్లు నిన్నటితో అయిపోనాయి," అని జోగమ్మ ఫోను కట్టేసి నా ఒళ్ళో పడేసి, తొంభైనాలుగో కాగితం రాయమంది.