ఉప్పు అడగనివాళ్ళు

మా కంపెనీకి ఊరూరా హోటళ్ళున్నాయి. మా పేట హోటలుకు డబ్బున్నవాళ్ళను రప్పించాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ప్లాస్టిక్ కుర్చీలు పోయి సోఫాలు, మసక దీపాలు వచ్చాయి. పైన పటారం, లోన లొటారం. వంటింటి గోడ కొట్టేసి అద్దం బిగించారు. రెండు పొయ్యిల్లో ఒకటి పీకేశారు. నా మనసు అప్పుడే కీడు శంకించింది. ఎందుకంటే వంటవాళ్ళం ఇద్దరం, నేనూ మా అక్క మొగుడూ.

"ఉంటే ఇద్దరం, పోతే ఇద్దరం. ఊరికే బెంగపడకు బామ్మర్దీ," అన్నాడు బావ. నాకు గరిటె పట్టడం నేర్పిన మనిషి. నమ్మాను.

పనిలో మా మధ్య మాటలుండవు. ఉప్పు వేసినవాడు అరచేతిలో పులుసు చుక్క వేసుకుని నాకుతాడు. అది చూసి రెండోవాడు ఉప్పు జోలికి పోడు. హోటలు మళ్ళీ తెరిచిన రోజు మేనేజరు వచ్చి, "అద్దంలోంచి అందరూ చూస్తుంటారు. చేతులు నాకారంటే ఊరుకోను," అన్నాడు.

బావ సూపు మీద మూత పెడితే ఉప్పు వేశాడనుకున్నాను. నేను మూత తీసి కలిపితే నేనే వేశాననుకున్నాడట. అంతా వడ్డించాక అడుగున మిగిలింది నోట్లో వేసుకుంటే, చప్పిడి! పై ప్రాణాలు పైనే పోయాయి.

అద్దం అవతల పేటవాళ్ళు ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు. వాళ్ళలో టైలరు బాబాయి ఉన్నాడు. చిటికెడు ఉప్పు తగ్గితే, "మీ చేతులు పడిపోయాయా?" అని వీధి దద్దరిల్లేలా అరిచే మనిషి. ఉప్పు డబ్బా కోసం బల్లంతా చూశాడు. దాన్నీ తీసేశారు. పక్క బల్లవాళ్ళ వంక చూసి, తల దించుకుని గుటక వేశాడు. తిట్టు బాబాయ్, ఒక్కసారి తిట్టు అని లోపల మొక్కుకున్నాను. కిక్కురుమనలేదు.

అందరూ వెళ్ళాక మేనేజరు నవ్వుతూ వచ్చాడు.

"సూపులో ఉప్పు లేదు. నేనూ తాగాను. ఒక్కరన్నా అడిగారా? ఇక రుచి చూసేవాళ్ళెందుకు? రేపటినుంచి అన్నీ కంపెనీ వంటశాల నుంచి సంచుల్లో వస్తాయి. వేడిచేసే మనిషి ఒకరు చాలు. ఎవరుంటారో మీరే తేల్చుకోండి, ఇంట్లోవాళ్ళేగా."

"మేమిద్దరం..." అంటూ నేను నోరు తెరిచాను.

"వేడి చెయ్యడం నాకొచ్చు సార్," అన్నాడు బావ, నా వంక చూడకుండా.