గింజంత పక్కన

కిరసనాయిలు తడిపిన గుడ్డతో ఇంజను బ్లాకు పక్కగోడని తుడిచి, కాసేపాగి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, సుద్దముక్కని అరచేతిలో నలిపి ఆ పొడి చల్లాడు కుట్ల మేస్త్రీ. ఇక ఆగడమే పని. పగుల్లోకి ఇంకిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద నల్లగీతలా తేలుతుంది. తొందరపెడితే తేలదు. నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

పొట్టి మనిషి. ముంజేతుల నిండా ఇనుపరజను కాల్చిన నల్లచుక్కలు. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుతాడు, పగులు అంచు తడిమి చూడ్డానికి. పోత ఇనుముకి వెల్డింగు పెడితే చల్లారేటప్పుడు పక్కనే ఇంకోచోట పటుక్కుమంటుంది. అందుకని ఈయన నిప్పు జోలికి పోడు. పగులు వెంబడి రంధ్రం వేసి, అందులో మర మేకు బిగించి, తల కోసేసి, ఆ మేకుని సగం కొరికేలా పక్కనే ఇంకోటి వేస్తాడు. ఒకదాన్నొకటి పట్టుకున్న మేకుల వరస చివరికి పగులునే మింగేస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే కుట్టుపని. "లోకంలో ఇనుమంతా కుట్టిపెడతావు గానీ నీ చొక్కా గుండీ కుట్టుకోవడం చేతకాదు" అని భార్య రోజూ దెప్పుతుంది. ఆ దెప్పు వినకపోతే ఆయనకి పొద్దున టీ దిగదు.

బల్ల మీదున్న బ్లాకు బడి వ్యానుది. దాన్ని నడిపే అమ్మాయి గుమ్మంలో తాళాలు ఆడిస్తూ నిలబడింది. చల్లబరిచే నీళ్లు పగుల్లోంచి కారిపోయి ఇంజను మూడుసార్లు దారిలో మొరాయించింది. మూడుసార్లూ పన్నెండుమంది పిల్లల్ని చెట్టునీడన కూర్చోబెట్టి, వాళ్ల తండ్రులకి ఫోన్లు చేసి, తిట్లు తింది.

"కుట్టేస్తావుగా మావయ్యా? కొత్త బ్లాకంటే వారం పడుతుందట. వారంపాటు నా వ్యాను కనబడకపోతే పిల్లలు ఇంకో వ్యానెక్కుతారు. ఎక్కినవాళ్లు మళ్లీ దిగరు."

"చూడనీ తల్లీ."

"చూసేదేముంది, నువ్వేసిన కుట్టేగా! నాలుగేళ్ల కిందట ఏమన్నావు? 'నీ మనవళ్ల పెళ్లి దాకా ఉంటుంది' అన్నావు. ఇక్కడ నా పెళ్లికే దిక్కు లేదు."

షెడ్డు యజమాని పక్క బండి కిందనుంచి పకపకా నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వబోయాడు గానీ, నవ్వు సగంలో ఆగింది. గీత తేలింది. పాత కుట్టు చివరినుంచే మొదలైంది.

పగులు కొసన ఒక రంధ్రం వేసి మేకు బిగించాలి. అది పగులుకి కట్టిన గట్టు. దాన్ని దాటి పగులు పాకిందంటే, రంధ్రం పగులు మీద పడలేదన్నమాట. వంగి చూశాడు. బియ్యపు గింజంత పక్కన పడింది. ఆ రోజు గుర్తొచ్చింది. రెండోసారి సుద్ద చల్లకుండా గోరుతో తడిమి, ఇక్కడికే, అనేసుకున్నాడు. ఆ ధీమా ఇవాళ నీళ్లై కారుతోంది.

ఈసారి రెండుసార్లూ చల్లాడు. గీత రెండంగుళాలు పోయి ఆగింది. ఆగినచోట, రంధ్రానికి గుర్తు కొట్టే పంచి ఆనించి సుత్తి ఎత్తాడు.

"అక్కడేంటి బాబాయ్?" చేతులు తుడుచుకుంటూ వచ్చిన యజమాని అడుగు దూరంలోంచే అన్నాడు. "ఇంకా కిందికెళ్లిందిగా."

"ఎక్కడ్రా?"

"ఇదుగో, మలుపు తిరిగి. కనపడట్లా?"

మేస్త్రీకి తెల్లటి సుద్ద తప్ప ఏమీ కనపడలేదు. బల్బు దగ్గరికి లాగాడు. ముక్కు ఆనేంతగా వంగాడు. గోరు నడిపాడు, గోరుకీ ఏమీ తగల్లేదు.

"వేలు పెట్టి చూపించు."

యజమాని వేలు మలుపు తిరిగి, కిందికి దిగి, బేరింగు కూర్చునే దిమ్మ మీద ఆగింది. మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు.

యజమాని గొంతు తగ్గించాడు. "నాలుగు మేకులు ఎక్కువేసి, గాలి పట్టి కారట్లేదని చూపిద్దాం బాబాయ్. ఆర్నెల్లు లాగుతుంది. ఆ అమ్మాయీ అదే అడుగుతోంది. పాత రంధ్రం సంగతి ఎవడికి తెలుసు?"

నిజమే, ఎవరికీ తెలీదు. సుద్ద తుడిచేస్తే గీతా ఉండదు. మేస్త్రీ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని రెండు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పి పక్కన పడేశాడు.

"ఇలా రామ్మా. ఈ రంధ్రం పగులు మీద పడాలి, పక్కన పడింది. తప్పు ఇనుముది కాదు, నాది."

"పోనీ, ఇప్పుడు సరిగ్గా వెయ్యి."

"వెయ్యను. పగులు దిమ్మలోకి దిగింది. ఇంజను దెబ్బంతా అక్కడే తగిలేది. ఇవాళ కుడితే ఇవాళ నిలుస్తుంది. ఏ ఎత్తు ఎక్కేటప్పుడో, పిల్లలు లోపలుండగా ఊడుతుంది. బ్లాకు మార్చెయ్."

ఆ అమ్మాయి మొహం జేవురించింది. "నువ్వే ఇలాగంటే ఇంకెవరి దగ్గరికి పోను మావయ్యా?"

యజమానే అందుకున్నాడు. "వారం రోజులకి అద్దె వ్యాను నేను చూస్తా, నడిపేది నువ్వే. పిల్లలు నీ మొహం చూసి ఎక్కుతారు గానీ వ్యాను మొహం చూసి కాదు."

"దాని మొహం కంటే నాది నయమేలే," అంది కళ్లు తుడుచుకుంటూ. వెళ్తూ వెళ్తూ యజమానికి మాత్రమే వస్తానని చెప్పింది. అదే న్యాయం అనిపించింది మేస్త్రీకి.

ఎండ ఇంకా తగ్గలేదు. డ్రిల్లు ముక్కులన్నీ నూనె గుడ్డతో తుడిచి, సన్నంవి ఒకవైపు, లావువి ఒకవైపు సర్ది యజమాని ముందు పెట్టాడు.

"రేపట్నించి రాను రా."

"ఒక్క రంధ్రానికి ఇంత పట్టింపా? కళ్లజోడు మార్పిద్దాం, పద."

"మార్చాను. ఏడాదిలో రెండుసార్లు. ఆ గీత నీకు అడుగు దూరంలోంచి కనపడింది. నువ్వు రాకపోతే ఇవాళ కూడా పక్కనే వేసేవాణ్ణి."

రంపపుపొట్టు, సబ్బు కలిపి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. గేటు దగ్గర ఒకసారి చెప్పులు దులుపుకుని, రోజూ వెళ్లినట్టే వెళ్లిపోయాడు. ముసలాయన అలక, రేపు మళ్లీ వస్తాడులే, అనుకున్నాడు యజమాని.

వారం దాటాక వ్యాను కొత్త బ్లాకుతో బయటికెళ్లింది. మేకులకి మరలు తీసేటప్పుడు ఆయన కూర్చునే లారీ టైరు మాత్రం గోడవారనే ఉంది. దాని మీద నాలుగు మడతల గోనెపట్టా, నడుమ ఒక మనిషి కూర్చున్నంత పల్లం.