బండను తప్పించే మలుపు

సరస్సుకు ఆ ఒడ్డున బస్సు ఆగుతుంది, ఈ ఒడ్డున ఊరుంది. రెంటి మధ్యా తిరిగేది ఒకే ఒక మోటారు పడవ. వెనక చుక్కాని దగ్గర మామగారు కూర్చుంటారు. ముందు నిలబడి టికెట్లు చింపేదీ, కొత్తవాళ్లకు ఊరు చూపించేదీ కోడలు. అదిగో ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం, అదిగో చేపల రేవు, అదిగో పచ్చగేటు ఆసుపత్రి, బడి పైకప్పు వెనక నుంచి తొంగిచూసేది నీళ్ల ట్యాంకు. ఎనిమిదేళ్లుగా రోజుకు పదిసార్లు చెప్పీ చెప్పీ, నిద్రలో లేపి అడిగినా ఆ వరస తప్పకుండా అప్పజెప్పగలదు.

ఊళ్లోవాళ్లకు ఆ ట్యాంకు నీళ్లకోసం, పడవకు మలుపుకోసం. ఊరి పడవ రేవుకు కాస్త ముందు నీళ్లకింద పెద్ద బండ ఉంది. బడి వెనక నుంచి ట్యాంకు పూర్తిగా బయటపడగానే పడవను ఎడమకు తిప్పేయాలి. తాత్సారం చేస్తే పడవ అడుగు చీరుకుపోతుంది.

చుక్కాని పట్టాలని కోడలికి ఎంతో ఆశ. రెండేళ్ల కిందటే లైసెన్సు కూడా తెచ్చుకుంది. అడిగినప్పుడల్లా మామగారిది ఒకటే పాట: నీకింకా దారి తెలియదు. మొగుడితో మొరపెట్టుకుంటే, మీరూ మీరూ తేల్చుకోండని అతను చేతులు దులుపుకున్నాడు. పెద్దాయన మాటకు ఎదురు చెప్పలేక ఆవిడ నోరు మూసుకుంది గానీ, కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

ట్యాంకు పాతబడింది, కూల్చేస్తామని పంచాయతీ ఆఫీసువాళ్లు ఏడాదిగా అంటూనే ఉన్నారు. వాళ్ల మాటలు ఎన్ని వినలేదని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఉదయం రెండో ట్రిప్పు. పడవలో ఇరవైమంది, అందులో ఒక చంటిబిడ్డ తల్లి. కోడలు పొగగొట్టం చెప్పింది, చేపల రేవు చెప్పింది, ఆసుపత్రి చెప్పింది. బడి వైపు చెయ్యెత్తి ఆగిపోయింది. ట్యాంకు ఉండాల్సిన చోట దుమ్ము లేస్తోంది. ఇంకేం చెప్పాలో తోచక అలాగే చూస్తూ ఉండిపోయింది.

పడవ తిరగలేదు. నేరుగా బండ మీదికి పోతోంది. వెనక్కి చూస్తే మామగారు నిబ్బరంగా, తల కాస్త పక్కకు వంచి కూర్చుని ఉన్నారు.

"ట్యాంకు వచ్చేసిందా అమ్మాయ్?" అన్నారు.

కోడలు బెంచీల మీదుగా అంగలు వేసుకుంటూ వెళ్లి ఆయన చేతుల మీదుగానే చుక్కాని లాగేసింది. అడుగున బండ గీసుకున్న చప్పుడు అందరికీ వినిపించింది. చంటిబిడ్డ గుక్కపట్టింది. పడవ మాత్రం ఒడ్డుకు చేరింది.

అందరూ దిగాక ఎప్పటినుంచని అడిగింది. రెండేళ్లు దాటిందట. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, అంతే.

"మరి ఇన్నాళ్లూ ఎలా నడిపారు?"

"నువ్వు చెప్తూనే ఉంటావుగా. నీ మాట పట్టుకునే తిప్పేవాణ్ణి."

"నాకు దారి తెలియదన్నారు కదా మామయ్యా."

"నీకే తెలుసు. అది ఒప్పుకుంటే నేను ఇంట్లో కూర్చోవాలి" అన్నారాయన.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇరవైమంది ప్రాణాలు, తన రెండేళ్లు, రెండూ కళ్లముందు తిరిగాయి. రేపు పడవ లైసెన్సుల ఆఫీసుకు వెళ్లి, చూపు లేదని మీ నోటితో మీరే చెప్పాలి అంది. సరేనన్నారు. పడవ అడుగు చూసి, నీళ్లు రావడం లేదని తేలాక తిరుగు ట్రిప్పుకు తనే చుక్కాని దగ్గర కూర్చుంది. ఆయన ప్రయాణికుల బెంచీ మీద, తొలిసారి టికెట్టు కొన్నవాడిలా ఒదిగి కూర్చున్నారు. ఇక ఆయనతో మాట్లాడకూడదనుకుంది.

పడవ రేవు దాటాక ఆయన చెయ్యి బెంచీ అంచును తడుముతూ కనిపించింది. దేన్ని దాటుతున్నామో ఆయనకు తెలియడం లేదు. కోపం ఇంకా తగ్గలేదు. అయినా గొంతు పెంచి, "ఆసుపత్రి వచ్చింది మామయ్యా" అంది.