స్త్రీ కింద ఉయ్యాల

తేదీలో రోజు, నెల కొట్టడం అయింది. సంవత్సరం దగ్గర ఒక అంకె రెండుసార్లు పడితే, చెరిపి మళ్ళీ కొట్టింది. ఆమెకే నవ్వొచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి, ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రశ్నపత్రం కోసం ఎదురుచూసే పిల్లలా గుండె కొట్టుకోవడమేమిటి?

ఆ కంప్యూటర్‌ని ప్రెస్సులో అందరూ ముసలాడు అంటారు. లోపలి బ్యాటరీ గూడు తుప్పుపట్టిపోయి, ఎన్ని బ్యాటరీలు మార్చినా నిలవలేదు. కరెంటు తీస్తే చాలు, ముసలాడు కాలం మరిచిపోతాడు. మర్నాడు తను పుట్టిన సంవత్సరంలోనే కళ్ళు తెరుస్తాడు. ప్రతి ఉదయం ఆమె వచ్చి, ఇవాళ ఫలానా రోజని చెప్పి, వాణ్ణి వర్తమానంలోకి తీసుకురావాలి. గుక్కగుక్కగా కాఫీ తాగుతూ ఆ పని చేయడం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు.

ఆమె పేరు ఒత్తులమ్మ. అంటే అసలు పేరు అది కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక్క నెల కోసమని టైపు చేయడానికి వచ్చి ఇరవై ఆరేళ్ళుగా ఉండిపోయిన మనిషికి, జారిపోయిన ఒత్తు ఏ మూలనున్నా పట్టేసే కంటికి, ప్రెస్సు పెట్టిన పేరు. ఇంట్లో ఆమె, ఆమె అక్క, ఇద్దరే. "ఆ డబ్బాకే ఇచ్చి పెళ్ళి చేసుండాల్సింది నిన్ను" అంటుంది అక్క. ఆ మాటకి ఒత్తులమ్మ ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. అందులో ఎంత నిజముందో లోలోపల కొలుచుకుని ఊరుకుంటుంది.

ఇవాళ నాలుగింటికి పాత సామాను కొనేవాడు వస్తాడు. సంగతేమిటంటే, వయోజనుల బడుల వాచకం పని ఈసారి కొత్త అక్షరాల సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది. ముసలాడు దాన్ని తెరిస్తే పేజీ నిండా ఖాళీ డబ్బాలు. కొత్త కంప్యూటర్లలో చక్కగా కనిపిస్తుంది గాని, అక్షరాల్ని రేకు మీదికి ఎక్కించే ప్లేట్ల యంత్రం వాటికి అతకదు. దాని తీగ ముసలాడికి తప్ప మరెవరికీ పట్టదు. పోనీ కొత్తదాంట్లో కూర్చి పేజీని బొమ్మగా పంపితే, సగం దగ్గర ముసలాడు ఊపిరాడక ఆగిపోతాడు. ప్రెస్సు నడిపే చిన్నసారు మంచివాడే. వారం రోజులు చూశాడు. నాలుగింటికల్లా వాచకం ముసలాడిలో నడవకపోతే ముసలాణ్ణీ యంత్రాన్నీ పంపించేసి, ప్లేట్లు బయట చేయించుకుంటామన్నాడు. ఆమెకి కొత్త కంప్యూటర్ ఉంటుంది. బాబాయ్‌కి ఏమీ ఉండదు.

బాబాయ్ అంటే ప్లేట్లాయన. ఆమె చేరేనాటికే అక్కడున్నాడు. పొడుగ్గా, కొంచెం వంగి, గోళ్ళ సందుల్లో ప్లేట్లు కడిగే మందు నీలం దిగిపోయి, మెడలో బూటు లేసుకి కట్టిన చిన్న భూతద్దంతో. ఒక్కడే మనిషి, ఇంట్లో కంటే ప్లేట్ల గదిలోనే ఎక్కువ ఉంటాడు. ఆయన గురించి ఒత్తులమ్మకి మాత్రమే తెలిసిన విషయం ఒకటుంది: బాబాయ్‌కి చదవడం రాదు. నలభై ఏళ్ళు అక్షరాల్ని రేకు మీదికి దింపాడు, కడిగాడు, ఆరబెట్టాడు, ఒక్కటీ చదవలేదు. కానీ వాటి ఆకారాలు ఆయన వేళ్ళకి తెలుసు. దీర్ఘం ఆయనకి తోక. త ఒత్తు కొక్కెం. అక్షరాన్ని కిందినుంచి ఎత్తుకున్నట్టుండే ర ఒత్తు, ఉయ్యాల. భూతద్దం పెట్టి చూసి, "అమ్మాయ్, మూడో వరసలో ఉయ్యాల ఊడింది" అంటాడు. ఒక్కసారీ పొరబడలేదు.

వారంగా ఆమె ముసలాడితో కుస్తీ పడుతోంది. మొదటిరోజు కొత్త సాఫ్ట్‌వేర్ ఈ సిస్టమ్ నాకు సరిపోదని మొహం మీదే చెప్పింది. ఏ సిస్టమ్ కావాలో రాసుకున్న చిన్న ఫైలు వెతికి, అందులో ఒక అంకె మార్చి, దాన్ని నమ్మించింది. తర్వాత మెమరీ చాలలేదు. మూలపడ్డ రెండు కంప్యూటర్ల పొట్టలు విప్పి మెమరీ పట్టీలు తీసి, వాటి ఇత్తడి రంగు పళ్ళని పెన్సిలు రబ్బరుతో తళతళలాడేలా రుద్ది ముసలాడికి పెట్టింది. నిన్న సాయంత్రం డిస్కులో చోటు లేదన్నాడు. ఇక తీసేయడానికి మిగిలింది పాత అక్షరాలే. ఇరవై ఆరేళ్ళుగా ఆమె వేళ్ళు కళ్ళుమూసుకుని కొట్టిన అక్షరాలు. అవి పోతే వెనక్కి దారి లేదు. చాలాసేపు చూసి తీసేసింది. ఇంటికెళుతూ దారంతా తనలో దుఃఖం కోసం వెతుక్కుంది, దొరకలేదు. దొరికింది వేరేది, ఈల వేయాలనిపించేంత హుషారు. అది కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. బాబాయ్ బతుకు దారాన వేలాడుతుంటే, తనకి ఆటగా ఉందా?

పదిన్నరకి వాచకం తెరుచుకుంది. డబ్బాలు లేవు! అక్షరాలు. అ, ఆ, అమ్మ, ఆవు. ఆమె కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. బాబాయ్ ఎడం భుజం రుద్దుకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. రాత్రి ఒకే పక్కకి పడుకున్నానని, పట్టేసిందని చెప్పాడు. ఆమె సగమే విన్నది. పన్నెండో పేజీకి వెళ్ళింది. ఆ పేజీలో ఆమె గీటురాయి ఉంది: స్త్రీ. ఒకదాని కింద ఒకటి మూడంతస్తుల అక్షరం. అది నిలబడితే మిగతా భాషంతా నిలబడినట్టే. ఆ ఆకారానికి అర్థం ఆడదని బాబాయ్‌కి ఆమె ఎప్పుడో చెప్పింది.

నిలబడలేదు. స ఒకచోట, త ఇంకోచోట, ర విడిగా, దీర్ఘం వాటన్నిటికీ అవతల.

బాబాయ్ తెరకేసి వంగి చూశాడు. "ఉయ్యాల లేదమ్మా. కొక్కెమూ లేదు. నీ ముసలాడి కొంపలో ఆడది మాత్రం నిలవదు."

"నా ముసలాడేంటి బాబాయ్, నీ ముసలాడు."

"నాకంటే చిన్నవాడే. వాణ్ణి అలా అంటుంటే నాకు బాధ" అని నవ్వి, మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి వెళుతూ, ఈ పుస్తకం అచ్చయితే ఒకటి తనకు పక్కన పెట్టమన్నాడు, ఎవరికో ఇవ్వాలట. ఎవరికని ఆమె అడగలేదు. తలూపి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవలేదు. అక్షరాల్ని ఒకదాని కింద ఒకటి పేర్చే పని ఒక ఫైలుది. కొత్త సాఫ్ట్‌వేర్ తన వెంట కొత్త ఫైలు తెచ్చుకుంటుంది. మరి ముసలాడు పాతదాన్నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడు? రెండోసారి ఎక్కించింది. నలభై నిమిషాలు తెర మీద నీలం గీత పాకింది. మళ్ళీ అదే. చిన్నసారు వచ్చి గడియారం చూసి వెళ్ళాడు. మూడు కావస్తుండగా, అసలు ఆ పాత ఫైలు ఎప్పటిదో చూద్దామని దాని తేదీ తీసింది.

2071.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఇంకా రాని సంవత్సరం. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. 2017. అమ్మ పోయిన మూడోరోజు. ఇంట్లో ఏం చేయాలో తోచక పనికి వచ్చింది. ఎప్పటిలాగే ముసలాడికి తేదీ చెప్పింది, రెండు అంకెలు అటూ ఇటూ చేసి. ఆ రోజే అక్షరాలు పేర్చే ఈ ఫైలు పాడైతే తనే మళ్ళీ తయారుచేసి పెట్టింది. మర్నాడు తేదీ సరిగ్గానే కొట్టి ఉంటుంది. కానీ ఆ ఒక్క ఫైలు అప్పటినుంచీ యాభైనాలుగేళ్ళు ముందుకెళ్ళి కూర్చుంది. కొత్త ఫైలు వచ్చిన ప్రతిసారీ, నాకంటే నువ్వే పాతదానివని దాన్ని గుమ్మంలోంచే పంపించేస్తోంది.

ఒత్తులమ్మ గట్టిగా నవ్వేసింది. ఇరవై ఆరేళ్ళు ఊరందరి తప్పులూ పట్టింది. తన తప్పు ఒకటి ఇక్కడ చీకట్లో, భవిష్యత్తు వేషం వేసుకుని, ఇన్నేళ్ళూ తన చేతి కిందే బతికింది. దాన్ని చెరిపేస్తూ అనుకుంది: ఆ రోజు తనకి ఏడుపు రాలేదు. అందరూ రాయి అన్నారు. రాయి కాదు. వేళ్ళు తడబడ్డాయి, అంతే, సాక్ష్యం ఇదిగో.

మూడోసారి ఎక్కించింది. నీలం గీత చివరికి చేరేసరికి నాలుగింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. పన్నెండో పేజీ తెరిచింది.

స్త్రీ.

స కింద కొక్కెం, వాటిని ఎత్తుకుని ఉయ్యాల, పైన దీర్ఘం. నిక్కచ్చిగా, ఒక్క మనిషిలా నిలబడి ఉంది. ఆమె పేజీని యంత్రానికి పంపింది. గోడ అవతల యంత్రం గురగురమంది. బాబాయ్ రేకు తీసి కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపించింది. చిన్నసారు తెర ముందు నిలబడి పేజీలు తిప్పించుకుని చూశాడు. పాత సామాను వాడు వస్తే తనే బయటికెళ్ళి మాట్లాడాడు. బండి ఖాళీగా వెనక్కి తిరిగిన శబ్దం ఆమె చెవులారా విన్నది.

దాదాపు పరుగెత్తుతూ ప్లేట్ల గదిలోకి వెళ్ళింది. బాబాయ్ స్టూలు మీద కూర్చుని, తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. మధ్యాహ్నాలు అలా కునుకు తీయడం మామూలే, ఆ కునుకులోనూ ఆయనకి మాటలు వినపడుతుంటాయి. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బండి వెళ్ళిపోయిందని, 2071 అని, అమ్మ పోయిన మూడోరోజని, తన వేళ్ళని. ఎవరికీ చెప్పని మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కుళాయి పూర్తిగా కట్టలేదు, నీళ్ళు సన్నగా పడుతున్నాయి. దాన్ని కడుతూ, "ఉయ్యాల నిలబడింది బాబాయ్" అంది. అప్పుడు ఆయన చేతిని చూసింది. అది ఒడిలోంచి జారి, ఎవరికో ఇవ్వబోయినట్టు తెరుచుకుని ఉంది.

రెండోసారి పిలవలేదు. వెళ్ళి ఆ చెయ్యి తీసి ఒడిలో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.

తర్వాత చిన్నసారు వచ్చాడు, డాక్టరు వచ్చాడు, నలుగురు మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. గది ఖాళీ అయింది. ఆమె ఒంట్లో హుషారు ఇంకా పూర్తిగా ఆగలేదు; తొక్కడం మానేసినా కొంతదూరం పోయే సైకిల్లా, తనంతట తను ఎక్కడికో పోతూనే ఉంది. దాన్ని ఈసారి తప్పు పట్టలేదు. ముసలాడి కరెంటు తీయబోయి ఆగింది. రేపు ఉదయం వాడికి తేదీ చెప్పాల్సిన పని లేకుండా, ఈ ఒక్క రాత్రి అలాగే వెలగనిద్దామనుకుంది.

బల్ల మీద పన్నెండో పేజీ రేకు ఆరిపోయింది. ఎన్నడూ మెడలోంచి తీయని భూతద్దం దాని మీద ఉంది, బూటు లేసు పక్కకి జారి. అద్దం కింద, రెండింతలైన ఒకే ఒక్క అక్షరం, ఉయ్యాలతో సహా.