కావి కింద చెయ్యి

సూలూరు పక్కన మా ఇల్లు. ఇంటి వెనకే మగ్గాల షెడ్డు. అక్కడ నూలు గోతాల చాటున ఆడుకుంటుంటే మా నిత్యను సాలెపురుగు కరిచింది. ఆరేళ్ళ పిల్ల. నేనప్పుడు తిరుమంగళంలో ఉన్నాను, మా అమ్మకు కంటి ఆపరేషన్ అని. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నా, ఇంట్లో ఒక్కరూ ఈ సంగతి చెప్పిన పాపాన పోలేదు.

మా అత్త లక్ష్మమ్మాళ్ మాత్రం చెయ్యవలసింది చేసేసింది. కుమ్మరి వీధి నుంచి పళనివేల్ తాతను పిలిపించి అక్కి రాయించింది. ఒంటి మీద పొక్కులు లేచినా, పురుగు కుట్టినా, కావిరాయి అరగదీసి ఆ చోట సింహం బొమ్మ గీసి, చుట్టూ ఎర్రగా పూసేస్తారు. అదే అక్కి. ఎండి తనంతట తాను రాలేదాకా దానికి నీళ్ళు తగలకూడదు. మా వాళ్ళు తెలుగుదేశం వదిలి ఏ కాలంలో ఈ తమిళదేశానికొచ్చారో ఎవరికీ తెలియదు. సొంత భాషే సగం పోగొట్టుకున్నారు గానీ అక్కిని మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

నేను ఇంటికొచ్చేసరికి నిత్య చాప మీద ముడుచుకుని పడుకునుంది. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి పైదాకా కావితో ఎర్రగా ఉంది. వేళ్ళు వాచిపోయి, వెండి గాజు చర్మంలోకి దిగబడింది. నుదుటి మీద చెయ్యి ఆనిస్తే కాలిపోతోంది.

"ఏమైంది అత్తా?"

"చిలంది కడిచింది, అంతే. అక్కి రాసినాము. పయపడాల్సిన పని లేదు."

"జొరం ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి. విషం దిగేటప్పుడు జొరం వస్తాది. అది మంచిదే."

చెయ్యి ఎంత దూరం ఎర్రబడిందో చూద్దామంటే ఎలా కనబడుతుంది? ఎర్రమన్ను పూసిన చోట ఎరుపు వెతకడం నావల్ల కాలేదు. నా మొగుడు నరేన్ తలుపు దగ్గర నిలబడి, "ఇంకొక్క దినం పొరుమైగా ఓర్చుకో కృత్తికా. రేపటికి ఎండి రాలిపోతాది" అన్నాడు.

"రాలేది కావి ఒకటేనా, చెయ్యి కూడానా?" అన్నాను.

పిల్లను ఎత్తుకుని పెరట్లో కుళాయి దగ్గరికి నడిచాను. అత్త అడ్డంగా వచ్చి నిలబడింది.

"నీళ్ళు పడితే విషం తలకెక్కుతాది. బిడ్డకు ఏమన్నా అయితే ఆ పాపం నీదే."

"నాదే. తప్పుకోండి."

సబ్బు పెట్టి కడిగాను. పిల్ల ఏడుపుకు మగ్గాలు నడిపేవాళ్ళు కూడా బయటికొచ్చారు. కావి కరిగి పోయాక చూస్తే, మణికట్టు మీద నడుమ నల్లబడ్డ పొక్కు, దాని చుట్టూ చీము. నిగనిగలాడే ఎరుపు మోచెయ్యి దాటి పైకి పాకింది. నరేన్ కారు తాళాలు వెతకడానికి లోపలికి పరుగెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టర్ ఇలక్కియ నన్నే తిట్టింది. "చూస్తే చదువుకున్నదానిలా ఉన్నావు. పుండు మీద మన్ను పూస్తావా?" అంది తమిళంలో. పూయించిన అమ్మగారి కొడుకు నా పక్కనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క ముక్క నోరు విప్పితే ఆయన సొమ్మేం పోయేది?

"చాలా సాలెపురుగుల కాటు దానంతట అదే తగ్గిపోతుంది" అంటూనే ఆమె చెయ్యి పరీక్షించింది. "సబ్బునీళ్ళతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేసి, చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా పరుగెత్తుకు రావాలి. దీనికి పుండులో చీము పట్టింది. అది పాకుతుంటే మీకు కనబడకుండా మీరే కప్పేశారు." తర్వాత పెన్ను తీసి ఎరుపు అంచు వెంబడే చెయ్యి చుట్టూ గీత గీసింది. "మందు ఎక్కిస్తున్నాం. అయినా ఈ గీత దాటితే కోసి శుభ్రం చెయ్యాలి. కండ చచ్చిపోయి ఉంటే అదీ తీసెయ్యాలి."

ఆ గీత వంక చూస్తూ కూర్చున్నాను. తెల్లారేసరికి ఎరుపు దాన్ని దాటింది. కోశారు. ఆ తర్వాత ఎరుపు కిందికి దిగుతూ వచ్చింది. చెయ్యి దక్కింది గానీ మణికట్టు మీద గుంట మిగిలింది.

పిల్లను చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ అత్త కాఫీ ఇచ్చి మరీ చెప్పింది, "అక్కి రాసినందుకే ఈ మాత్రం దక్కింది" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే శనివారం నిత్యకు నూనె అంటేటప్పుడు ఆ గుంట దగ్గర అత్త వేళ్ళు ఆగిపోవడం చూశాను. ఆపైన ఆ గుంట చుట్టూ తిప్పి రాసేది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం పక్కింటి రంగనాయకి మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. చెప్పులో దూరిన సాలెపురుగు పాదం మీద కరిచిందట.

"అక్కా, పళనివేల్ తాతను కొంచెం పిలిపించు" అంది.

అత్త పిల్ల పాదం చూసింది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్న నిత్య చేతిని చూసింది.

"అక్కీ వద్దు, గిక్కీ వద్దు. ముందు సబ్బు పెట్టి కడుగు. ఎరుపు ఎంతదాకా ఉండాదో పేనాతో గీసి పెట్టు. గీత దాటినా, జొరం వచ్చినా ఆస్పత్రికి ఎత్తుకుపో. మా ఇంట్లో మొదటి నుంచీ ఇదే వళక్కం."

మొదటి నుంచీ ఇదే అలవాటట! నా నోటి నిండా మాటలున్నాయి. కానీ ఆ పసిదాని కాలు అప్పటికే కుళాయి కింద ఉంది. అత్త తన చేత్తోనే సబ్బు రుద్దుతోంది. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చి ఆమె చేతికిచ్చాను.